పాత కోల్ట్ .22-.45 కన్వర్షన్ యూనిట్: కొనేముందు ఏం చూడాలి

అమెరికా తుపాకుల కంపెనీ కోల్ట్ 1938లో తెచ్చిన ఈ యూనిట్‌ను .45 పిస్టల్‌కు బిగిస్తే, దానితో చిన్న .22 తూటాలు కాల్చుకోవచ్చు. చాలామంది దీన్ని పెట్టె, పైమెరుగు చూసి కొంటారు. దీని ప్రాణం మాత్రం ఫ్లోటింగ్ ఛాంబర్ (తూటా కూర్చునే, కదిలే గది) అనే చిన్న ఉక్కు ముక్కలో ఉంది. అది లేకపోతే మిగతాదంతా అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే.

.45 పిస్టల్ స్లైడ్‌ను (కాల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగం) నెట్టే సత్తువ .22 లాంగ్ రైఫిల్ తూటాకు లేదు. 1931 నాటి కోల్ట్ .22 పిస్టల్ ఏస్‌లో స్లైడ్ బరువు తగ్గించి నెట్టుకొచ్చారు గానీ, నమ్మకంగా పనిచేస్తుందన్న పేరు దానికి రాలేదు. ఈ చిక్కు విప్పింది డేవిడ్ మార్షల్ విలియమ్స్. అమెరికా సైన్యపు తేలికపాటి తుపాకి ఎం1 కార్బైన్‌లోని పిస్టన్‌ను రూపొందించిందీ ఆయనే. ఛాంబర్‌ను బ్యారెల్ (గొట్టం) నుంచి విడగొట్టి, ముందువెనకలకు కాస్త జరిగేలా చేశాడు. పేలగానే వాయువు ఛాంబర్ ముందంచు మీద కూడా పడుతుంది. ఒత్తిడి తగిలే మేర పెరిగేసరికి ఛాంబర్ వెనక్కి వచ్చి స్లైడ్‌ను తన్నుతుంది. .45 అంత కాకపోయినా, మామూలు .22లో దొరకని అదురు చేతికి తెలుస్తుంది.

తంటా కూడా అక్కడే. ఛాంబర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందులో సీసం, మసి పేరుకుంటాయి. ఛాంబర్ బిగుసుకుంటే స్లైడ్ సగం దూరమే వెళ్తుంది, ఖాళీ తొడుగు బయటపడక ఇరుక్కుంటుంది. స్ప్రింగు మార్చినా లాభముండదు. కాల్చిన ప్రతిసారీ ఛాంబర్ బయటికి తీసి, సాల్వెంట్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. స్క్రూడ్రైవర్‌తో గోకితే అంచు పాడవుతుంది. చిక్కటి నూనె మసిని పట్టి ఉంచుతుంది. పలచటిది ఒక్క చుక్క చాలు. వట్టి సీసం గుండు కన్నా రాగి పూత ఉన్న హైవెలాసిటీ తూటా మేలు.

బిగింపు తేలిక. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కళ్లతో చూసుకున్నాక పాత స్లైడ్ భాగమంతా విప్పి, కిట్‌ది ఎక్కించి, కిట్‌తో వచ్చిన స్లైడ్ స్టాప్ (స్లైడ్ భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే పిన్ను) దూర్చాలి. గవర్నమెంట్ మోడల్ .45, .38 సూపర్ ఫ్రేములకు (పిడి ఉండే కింది భాగం) సరిపోతుంది. విప్పేటప్పుడు జాగ్రత్త: ఖాళీ తొడుగును బయటికి విసిరే చిన్న ఎజెక్టర్ విడి ముక్క, జారితే గచ్చు మీద వెతుక్కోవడమే. అమ్మకానికొచ్చే కిట్లలో ఎక్కువగా లోపించేదీ ఇదే.

లెక్క సరిచూసుకోండి: స్లైడ్, బ్యారెల్, ఛాంబర్, బుషింగ్ (బ్యారెల్ ముందు కొసను పట్టే ఉంగరం), రికాయిల్ స్ప్రింగ్, ఎజెక్టర్, స్లైడ్ స్టాప్, 10 తూటాల మ్యాగజైన్. మ్యాగజైన్ పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు) వంగితే తూటా ముక్కు పైకి లేచి ఇరుక్కుంటుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువాటికి సీరియల్ నంబరు ముందు యు అక్షరం, స్లైడ్ వెనక స్టీవెన్స్ సైట్ (గురి చూసే భాగం) ఉంటాయి. కోల్ట్‌మాస్టర్, ఆక్రో సైట్లు తర్వాతివి. స్లైడ్ మీది అక్షరాల అంచులు మెత్తబడి ఉంటే మళ్లీ పాలిష్ పట్టి రంగు వేసినట్టే. సేకరణ విలువ అక్కడే పడిపోతుంది.

వారం వారం వందల తూటాలు కాల్చేవారికి ఇది తగదు. వాళ్లు సీజెడ్ 75 పిస్టల్‌కు చేసిన కాడెట్ లాంటి కొత్త తరం .22 కిట్ చూసుకోవడం నయం.

ఛాంబర్ విడిగా దొరికితే మీ బ్యారెల్‌లో పెట్టి చూశాకే డబ్బివ్వండి. శుభ్రంగా ఉన్నప్పుడు సొంత బరువుకే జారాలి, పక్కలకు ఊగకూడదు.