నానో ట్యాంకుకి అమెజోనియా సాయిల్: కొనేముందు మీ నీళ్లు చూసుకోండి

మొక్కలతో చిన్న ట్యాంకు పెడతామనగానే అక్వేరియం షాపుల్లో ముందు చూపించేది ఏడీఏ అక్వా సాయిల్ అమెజోనియా. జపాన్‌లోని నీగటాకి చెందిన తకాషి అమానో స్థాపించిన ఏడీఏ కంపెనీ సరుకు, ట్యాంకు అడుగున పరిచే మట్టి. మొక్కల వేళ్లకి ఇది నిజంగా గొప్ప మట్టి. కాకపోతే దీని పనితనం సగం మీరు పోసే నీళ్ల చేతిలో ఉంది. హైదరాబాద్ బోరు నీళ్లు నేరుగా పోసేటట్లయితే దీని మీద డబ్బు పెట్టకండి.

ఈ మట్టి నీళ్లలోని కేహెచ్‌ని (కార్బొనేట్ గట్టితనాన్ని) లాగేసుకుని పీహెచ్‌ని (ఆమ్ల, క్షార గుణాల కొలతని) 6.5 దగ్గరికి దించుతుంది. మిరపపండు రంగులో మెరిసే రెండు సెంటీమీటర్ల చిల్లీ రస్బోరా చేపకి, ఎంబర్ టెట్రా చేపకి, క్రిస్టల్ రెడ్ రొయ్యలకి లవణాలు తక్కువున్న ఆ మెత్తటి నీళ్లే కావాలి. అయితే లాగే శక్తికి హద్దుంది. టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల కొలత) 500 ఉన్న బోరు నీళ్లు వారం వారం మారుస్తూ పోతే ఏడాది రెండేళ్లు పనిచేయాల్సింది నెలల్లోనే చేతులెత్తేస్తుంది, పీహెచ్ మళ్లీ పైకెక్కుతుంది. అందుకే ఒక వంతు బోరు నీళ్లకి నాలుగు వంతుల ఆర్వో నీళ్లు కలపండి. ఆర్వో నీళ్ల టీడీఎస్ 30 ఉంటే మిశ్రమం 125 దగ్గరికి వస్తుంది. 20 లీటర్ల క్యాను నీళ్లయినా సరే, ముందు టీడీఎస్ మీటరు పెట్టి చూడాలి, ఒక్కో ప్లాంటుది ఒక్కో లెక్క.

45×27 సెంటీమీటర్ల ట్యాంకుకి 3 లీటర్ల సంచులు రెండు పడతాయి. పరిస్తే సగటున ఐదు సెంటీమీటర్ల మందం వస్తుంది. ముందు మూడు, వెనక ఏడు ఉండేలా వాలు పెడితే లోతు కనిపిస్తుంది. మట్టిని కడగకూడదు. తడిసిన మట్టి ఉండని రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి, పేస్టులా నలిగిపోతుంది. కడిగితే జరిగేది అదే. పైన పాలిథిన్ కవరు పరిచి నీళ్లు సన్నధారగా పోయాలి. మొదట్లో నీళ్లు టీ రంగులోకి తిరిగినా కంగారు పడక్కర్లేదు.

అసలు ఓపిక అమ్మోనియా దగ్గర కావాలి. కొత్త మట్టి మొదటి వారాల్లో అమ్మోనియా వదులుతుంది. ఇది లోపం కాదు, మొక్కలకి అందే ఎరువులో భాగమే. చేపలకి మాత్రం విషం. మొదటి వారం రోజూ సగం నీళ్లు, రెండో వారం రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు మార్చండి. అమ్మోనియా టెస్ట్ కిట్ గొట్టంలో ట్యాంకు నీళ్లు తీసుకుని చుక్కలు వేశాక ఐదు నిమిషాలకి రంగు నిమ్మపండు పసుపులోనే నిలబడాలి, అంచున ఆకుపచ్చ జీర కనిపించినా ఇంకా ఆగాల్సిందే. అమ్మోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే మరో విషం నైట్రైట్ కూడా సున్నా కావాలి. మామూలుగా నాలుగైదు వారాలు పడుతుంది. పెట్టిన రోజే చేపలు వేయొచ్చని ఎవరు చెప్పినా వినకండి.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. పీహెచ్ 6.5లో అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, దాని హాని తక్కువ. పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు ఒకేసారి సగం మార్చారనుకోండి, అందులో కొంత విషపు రూపానికి తిరుగుతుంది. నీళ్లు మార్చిన గంటకే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు తప్పనిసరి.

క్రిప్టోకోరైన్, మాంటే కార్లో, రొటాలా మొక్కలు ఈ మట్టిలో బాగా వేళ్లూనుకుంటాయి. క్రిప్టో ఆకులు మొదట్లో కరిగిపోతే పీకేయకండి, దుంప నుంచి కొత్తవి వస్తాయి. అనూబియాస్, జావా ఫెర్న్ మాత్రమే పెట్టేవాళ్లకి ఈ ఖర్చు అనవసరం, అవి చెక్కకి కట్టినా బతుకుతాయి. ఆర్వో నీళ్ల ఏర్పాటు కుదరకపోతే మామూలు సన్న కంకర వేసి, క్రిప్టో వేళ్ల దగ్గర రూట్ ట్యాబ్ (ఎరువు బిళ్ల) గుచ్చి, గప్పీలు, చెర్రీ రొయ్యలు వేసుకోండి. గట్టి నీళ్లలో అవి హాయిగా పెరుగుతాయి.

సైఫన్ గొట్టం మట్టిలోకి దించకూడదు, పైపైన తేలే చెత్త మాత్రమే లాగాలి. వేసవిలో ఫ్యాను పెడితే వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గానీ నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. తగ్గిన మేరకి ఆర్వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరొక్కటే, లవణాలన్నీ ట్యాంకులోనే మిగులుతాయి.