నూటయాభై రూపాయల చార్జర్: మూడేండ్లు వాడినంక

2022 ఎండాకాలంల వరంగల్ చౌరస్తా దగ్గర ఒక్కోటి 150 రూపాయలకు రెండు చార్జర్లు కొన్న. ఒకటి హన్మకొండల నా గదికి, ఇంకోటి ఊర్ల బాపుకు. మీద 2.4 ఆంపియర్లని రాసిండ్రు గాని, మీటర్ పెట్టి చూస్తే ఒక ఆంపియర్ దాటంగనే వోల్టేజీ పడిపోతది. బాపు చిన్న ఫోనుకు అది చాలు.

నాది రెండేండ్లు మంచిగనే నడిచింది. తర్వాత చార్జింగ్ ఎక్కుతూ ఆగుతూ ఉండేది. చార్జింగ్ పెట్టి ఫోన్ ముట్టుకుంటే, వేలు ఒకచోట పెడితే ఇంకోచోట నొక్కుకునేది. కేబుల్ మార్చినా అంతే. రిపేరు షాపుల అడిగితే "గిది ఎవరు బాగుచేస్తరన్నా, కొత్తది తీసుకో" అన్నడు. నాకు మనసొప్పలే.

అతుకు మీద కత్తి ఆనించి మెల్లగ తట్టి విప్పిన. విప్పంగనే చెయ్యి పెట్టొద్దు. 230 వోల్టుల కరెంటు డీసీ అయినంక లోపలి పెద్ద కెపాసిటర్ల (కరెంటు దాచుకునే భాగం) దాదాపు 325 వోల్టులు ఉంటది, ప్లగ్గు తీసినా కొంతసేపు నిలవొచ్చు. పట్టుకారుతోని పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ పట్టుకుని దాని రెండు కాళ్లకు ఆనించి, మీటర్ల సున్నా చూసినంకనే ముట్టుకున్న.

తప్పు కండ్ల ముందరే ఉంది. ఫోనుకు పోయే 5 వోల్టుల కరెంటును నిలకడగ ఉంచే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ నెత్తి ఉబ్బింది, దాని మీది గీతల నడుమ గోధుమరంగు పొక్కు కట్టింది. మన దగ్గర మే నెలల గోడలే కాలుతయి, ఇగ ఆ మూసిన డబ్బీల ఎంత వేడి ఉంటదో. పది డిగ్రీల వేడి పెరిగితే ఈ రకం కెపాసిటర్ ఆయుష్షు దగ్గరదగ్గర సగమైతది. అందుకే 105 డిగ్రీలు తట్టుకునే, 16 వోల్టుల, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) రకమే అడిగి తెచ్చిన. ఐదు రూపాయలు. మైనస్ గీత చూసుకుని సోల్డరింగ్ చేసి, అతుకు గట్టిగ అంటించిన. ఏడాది దాటింది, టచ్ మళ్ల ఎన్నడు తిక్కగ చేయలే.

బాపు చార్జర్ మాత్రం పోయిన వానకాలం ఒక పిడుగుల రాత్రి చచ్చిపోయింది. అదే డబ్బా, అదే స్టిక్కర్, విప్పితే బోర్డే వేరే! నా దాంట్ల ట్రాన్స్‌ఫార్మర్ కింద 230 దిక్కును, 5 దిక్కును విడదీస్తూ గాడి కోసి ఉంది. దీంట్ల గాడి లేదు, ఫ్యూజు ఉండాల్సిన చోట ఉత్త తీగ ముక్క, రెండు దిక్కుల రాగి గీతలు మిల్లీమీటరు ఎడంల. ట్రాన్సిస్టర్ షార్టయింది. మార్చితే నడిచేదే, కాని అంత దగ్గరుంటే 230 కరెంటు ఫోను దిక్కు దూకొచ్చు, బాపేమో చార్జింగ్ పెట్టుకునే ఫోన్ మాట్లాడుతడు. ఎవరూ మళ్ల ప్లగ్గుల పెట్టకుండ పిన్నులు విరగ్గొట్టి పడేసిన.

బాపుకు ఇప్పుడు ఆర్ నంబరున్న (బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) చార్జర్ కొన్న. బీఐఎస్ కేర్ యాప్‌ల ఆ నంబరు కొట్టి, కంపెనీ పేరు సరిపోయినంకనే పైసలిచ్చిన.