తోక జారే కారును దారికి తెచ్చే విద్య: తడి నేలపై ఒకరోజు శిక్షణ

వెనక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారు కొన్న చాలామందిలాగే నేనూ, ఒక వాన రోజు మలుపులో దాని తోక జారి, కారు గిర్రున తిరిగి వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి ఆగేదాకా, దాన్ని నడపడం నాకు వచ్చుననే అనుకున్నాను. ఎవరికీ దెబ్బ తగలలేదు, కారు మీద గీత కూడా పడలేదు. అయితే ఆ రెండు మూడు సెకన్లలో నా చేతులూ కాళ్లూ ఏం చేశాయో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు, నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే. అందుకే కారు అదుపు తప్పినప్పుడు ఏం చేయాలో నేర్పే ఒకరోజు శిక్షణలో చేరాను. సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇలాంటి శిక్షణలో ఏది పనికొస్తుందో, ఏది కాలయాపనో చెప్పడానికి పేరుతో పనిలేదు.

శిక్షణకు వాళ్లు ఎంచుకున్న కారు టయోటా జీటీ 86. నా దృష్టిలో ఆ రోజు వాళ్లు చేసిన మంచి పనుల్లో ఇది మొదటిది. 2012లో వచ్చిన ఈ కారుకు 2 లీటర్ల బాక్సర్ ఇంజిను (సిలిండర్లు రెండు పక్కలా అడ్డంగా పడుకుని ఉండేది) ముందు భాగంలో బాగా కిందికి అమర్చి ఉంటుంది. శక్తి 200 హార్స్‌పవర్, బరువు దాదాపు 1,250 కిలోలు, కంపెనీ ఇచ్చే టైర్ల వెడల్పు 215 మిల్లీమీటర్లే. స్పోర్ట్స్ కారుకు ఇంత సన్నటి టైర్లేమిటని అనిపించవచ్చు గానీ, నేర్చుకునేవాడికి అదే వరం. పట్టు తక్కువ వేగంలోనే సడలుతుంది, సడలడం కూడా నెమ్మదిగా సడలుతుంది, ఏం జరుగుతోందో ఒంటికి తెలిసే వ్యవధి దొరుకుతుంది. 400 హార్స్‌పవర్ కారులో ఇదే పాఠం మొదలుపెడితే, మొదలైందని తెలిసేలోపే ముగుస్తుంది.

ఉదయం రెండు గంటల ఉపన్యాసం ఉంది, అందులో గంటన్నర అనవసరం. మిగిలిన అరగంట మాత్రం బంగారం. టైరుకు ఉండే పట్టు ఒకే కుండలోని నీళ్లలాంటిదనీ, మలుపు తిరగడానికీ, వేగం పెంచడానికీ, బ్రేకు వేయడానికీ అందులోంచే తోడుకోవాలనీ వాళ్లు చెప్పిన తీరు నాకు బాగా పట్టింది. మలుపులో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక టైర్ల కుండ ఖాళీ అవుతుందని అందరికీ తెలుసు. భయపడి కాలు చటుక్కున తీసేసినా అదే ప్రమాదం ఉందని మాత్రం చాలామందికి తెలియదు. కాలు తీయగానే కారు బరువు ముందుకు వాలుతుంది, వెనక టైర్లు తేలికపడతాయి, తోక బయటికి పోతుంది. ఇంజిను వెనక ఇరుసుకూ వెనక వేలాడే పాత పోర్షే 911 కార్లకు కష్టమైన కార్లన్న పేరు రావడానికి ముఖ్య కారణం ఇదే. ఆ వాన రోజు నేను చేసిందీ అదేనని కుర్చీలో కూర్చున్నప్పుడే అర్థమైంది.

తర్వాత అసలు పని. నీళ్లు చల్లుతున్న నున్నటి వలయంపై ముందుగా స్టెబిలిటీ కంట్రోల్‌ను ఆపకుండానే తిప్పించారు. 1995లో మెర్సిడెస్ కార్లతో రోడ్డెక్కిన ఈ ఏర్పాటు, స్టీరింగు ఎంత తిప్పామో, కారు నిజానికి ఎంత తిరుగుతోందో పోల్చి చూసి, తోక జారుతుంటే బయటివైపు ముందు చక్రానికి తనంతట తానే బ్రేకు వేసి కారును సర్దుతుంది. అది ఎంత పని చేస్తోందో, ఆపేసిన తర్వాత గాని నాకు తెలియలేదు.

ఆపేసిన తర్వాత మొదటి వలయంలోనే, గంటకు 40 కిలోమీటర్లు కూడా దాటకముందే, తోక కుడికి పోయింది. నేను స్టీరింగు కుడికి తిప్పాను, కారు నిలిచింది, మనసులో కాస్త గర్వపడ్డాను కూడా. ఆ గర్వం ఒక క్షణం నిలిచింది. వెనక టైర్లకు పట్టు దొరికిన మరుక్షణం తోక ఎడమవైపుకు, మొదటిసారికంటే రెట్టింపు విసురుతో కొట్టుకుని, కారు బొంగరంలా ఒకటిన్నర చుట్టు తిరిగింది. పక్కన కూర్చున్న శిక్షకుడు తొణక్కుండా, "మొదటి జారుడు మీరు ఆపారండి, రెండోది మీరే చేశారు" అన్నారు.

నేను కట్టిన రుసుములో సగం ఆ ఒక్క మాటకే చెల్లిపోయింది. తోక ఎటు పోతే స్టీరింగు అటు తిప్పాలన్నది అందరూ చెబుతారు. తిప్పిన స్టీరింగును ఎప్పుడు వెనక్కి తేవాలన్నది ఎవరూ చెప్పరు. కారు దారికి రావడం మొదలైన క్షణంలోనే చక్రాలూ తిన్నబడుతూ ఉండాలి. ఆలస్యమైతే, పట్టు తిరిగి వచ్చేసరికి ముందు చక్రాలు ఇంకా పక్కకే చూస్తుంటాయి, ఒకవైపు నొక్కుకుపోయిన స్ప్రింగులు ఒక్కసారిగా విడుచుకుంటాయి, కారు ఎదురు దిక్కుకు విసిరినట్టు పోతుంది. దీనికి ఆయన నేర్పిన చిట్కా తేలికైనది: బొటనవేళ్లు చక్రం లోపలికి పెట్టకుండా, స్టీరింగును అరచేతుల మధ్య జారనివ్వాలి. కారు జారుతున్నప్పుడు ముందు చక్రాలు తమంతట తామే ప్రయాణిస్తున్న దిశకు తిరుగుతాయి కాబట్టి, సగం పని అవే చేస్తాయి. ఏడో ఎనిమిదో ప్రయత్నంలో అది నిజంగా నా చేతుల్లో జరుగుతుంటే, వేళ్ల కింద తోలు జరజరా జారుతుంటే, నేను స్టీరింగుతో కుస్తీ పట్టడం మానేశాను.

చూపు సంగతి కూడా అలాంటిదే. పెద్దగా జారినప్పుడు వెళ్లవలసిన దారి ముందు అద్దంలోంచి కాకుండా పక్క కిటికీలోంచి కనిపిస్తుంది. తల అటు తిప్పనివాడి చేతులు కూడా అటు తిరగవు. ఇక చేయి దాటిపోయిందని తెలిశాక క్లచ్చూ బ్రేకూ నిండా తొక్కి కారును ఆగనివ్వడమే మంచిదని కూడా పలుమార్లు చేయించారు. ఓటమిని తొందరగా ఒప్పుకోవడం నాకు అన్నిటికంటే కష్టమైంది.

లోపాలు లేకపోలేదు. ఆరుగురికి ఒకే కారు ఇవ్వడంతో తడి నేలపై నాకు దక్కింది మొత్తం నలభై నిమిషాలు. ఒక మలుపు నుంచి ఎదురు మలుపుకు మారేటప్పుడు బరువు ఇటునుంచి అటు ఒరిగే చోటే ఎక్కువమంది తిరిగిపోతారు, ఆ అభ్యాసాన్ని చివరి పావుగంటకు కుదించారు. పొడి రోడ్డుపై పట్టు ఎక్కువ కాబట్టి అది ఆలస్యంగా, మరింత వేగంలో, అకస్మాత్తుగా తెగుతుందని నోటిమాటగా చెప్పి వదిలేశారు. మా సొంత కార్ల టైర్లు ఎవరూ చూడలేదు. ఇంటికి వచ్చాక నేనే కొలిస్తే, నా కారు వెనక టైర్ల గాడుల లోతు ముందువాటిలో సగం కూడా లేదు. అరిగిన జతను వెనక ఉంచుకుని వానలో మలుపు తిరిగానన్నమాట.

చేరాలనుకునేవారు ముందుగా ఒక ప్రశ్న అడగండి: మనిషికి తడి నేలపై స్టీరింగు ముందు ఎన్ని నిమిషాలు? గంటకు తక్కువ చెబితే బేరమాడండి. నేను మళ్లీ చేరతాను, కాకపోతే ఈసారి ఇద్దరికి ఒక కారు ఇచ్చే తరగతిలో, ఉపన్యాసం అయిపోయాక.