టెస్ట్‌డిస్క్: పోయిందనుకున్న డి డ్రైవ్ దొరికింది
డి డ్రైవ్‌ని కుదించి సి డ్రైవ్‌కి చోటిద్దామని మొదలుపెడితే మధ్యలో కరెంటు పోయింది, మళ్లీ ఆన్ చేస్తే డి డ్రైవ్ 'రా' (RAW, అంటే అందులో ఫైళ్లు ఎలా ఉన్నాయో విండోస్‌కి అర్థం కాని స్థితి) అని చూపిస్తూ ఫార్మాట్ చేయమంటోంది. పాప పుట్టినప్పటి ఫొటోలన్నీ అందులోనే! టెన్షన్‌తో కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫార్మాట్ మాత్రం అస్సలు నొక్కకండి. డిస్క్ ఎర్రర్లు సరిచేసే విండోస్ టూల్ చెక్‌డిస్క్ 'రా' డ్రైవ్ మీద పనిచేయదు. అప్పుడు పోయిన డ్రైవ్‌లని వెతికిపెట్టే టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. ఇది ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, కాకపోతే మౌస్ పనిచేయదు, అంతా బాణం గుర్తులూ మిగతా కీబోర్డ్ మీటలతోనే. అందులో అనలైజ్, క్విక్ సెర్చ్ అనే ఆప్షన్లు అయ్యాక పాత పార్టిషన్ (డిస్క్‌లో డి డ్రైవ్ ఉన్న భాగం) మీదకెళ్లి పి నొక్కితే పాప ఫోల్డర్ పేరు కనిపించింది, నిజంగా ఏడుపొచ్చింది. ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే రైట్ (Write) ఆప్షన్ నొక్కాను, ఎందుకంటే అక్కడ పార్టిషన్ టేబుల్ (ఏ డ్రైవ్ డిస్క్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక) మారిపోతుంది. రీస్టార్ట్ చేసి, అప్పుడు చెక్‌డిస్క్ నడిపితే మిగతా ఎర్రర్లూ పోయాయి. నా రేటింగ్ 5కి 5.