ఇలిజారోవ్ ఫ్రేమ్: నెలల తరబడి కాలికి ఉంచుకుంటే తెలిసేవి

మోకాలి కింద ఎముక వంకర తీయడానికి లోపల ప్లేటు వేయొచ్చు, లేదా బయట రింగులు బిగించి రోజుకింత జరపొచ్చు. ఈ సమీక్ష ఆ రింగుల చట్రం, అంటే ఇలిజారోవ్ ఫ్రేమ్ గురించే. పనితనానికి వంక పెట్టలేం. సుఖం సంగతి మాత్రం అడక్కండి.

ఆపరేషన్‌లో ఎముకను కోసి, ఎముక గుండా దూర్చిన సన్నని వైర్లతో ఫ్రేమ్ బిగిస్తారు, అంతే. వంకర తీసే పనంతా ఇంట్లో 10 నంబరు పానాతోనే. మొదటి 5 నుంచి 7 రోజులు దేన్నీ కదపరు. తర్వాత మామూలుగా రోజుకు 1 మి.మీ., అదీ పావు చొప్పున 4 విడతలు. రింగులను కలిపే రాడ్డు మర చుట్టుకు 1 మి.మీ. జరుగుతుంది కాబట్టి పావు చుట్టు ఒక విడత. నట్టుకు ఒక పక్క మార్కరు చుక్క, రాడ్డు పక్కన బాణం గుర్తు డిశ్చార్జికి ముందే పెట్టించుకోండి. తిప్పడం అందరికీ గుర్తుంటుంది, తిప్పాక లాక్ నట్టు బిగించడమే మరిచిపోతారు.

వంకర తీసేటప్పుడు ఫ్రేమ్‌కు బిగించిన కీలుకు (హింజ్‌కు) దూరంగా ఉన్న రాడ్డు ఎక్కువ జరగాలి. ఎముక అంచు కంటే అది రెట్టింపు దూరంలో ఉంటే, ఎముక 1 మి.మీ. తెరుచుకోవడానికి రాడ్డు 2 మి.మీ. జరగాలి. పక్క బెడ్డు వాళ్ల లెక్క మీకు పనికిరాదు.

తొందరపడితే కొత్త ఎముక పలచబడుతుంది, నరం లాగి పాదం తిమ్మిరెక్కుతుంది. విడతలు ఎగ్గొడితే కోసిన చోటు ముందే అతుక్కుపోతుంది. నట్టు మొరాయించి, వైర్లు విల్లులా వంగాయంటే అనుమానించాల్సింది దాన్నే. మళ్లీ కోయాల్సి రావచ్చు.

అసలు తలనొప్పి వైర్లు దిగిన రంధ్రాలతో. చర్మం వైరు మీద అటూ ఇటూ కదలడమే ఇన్‌ఫెక్షన్‌కు మొదలు. అందుకే గాజ్ గుడ్డ ముక్క చర్మానికి ఆనించి క్లిప్పుతో నొక్కి ఉంచుతారు. కండ ఎక్కువున్న చోట్లే ఎక్కువ సతాయిస్తాయి. కాస్త తేమ, పొక్కు మామూలే. ఎరుపు పాకి, నొప్పితో చీము కారితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. అడుగేస్తే టిక్కుమందంటే వైరో నట్టో వదులైనట్టు.

మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంగే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టండి. పాదం కిందికి వాలకుండా ఎలాస్టిక్ పట్టీ ఉండాల్సిందే. డాక్టరు చెప్పినంత బరువు కర్రల సాయంతో మోపండి, ఎముక గట్టిపడేది దానితోనే. పొగ తాగితే ఆలస్యమే.

40 రోజులు సాగదీస్తే గట్టిపడటానికి ఇంకో 80 రోజులైనా పడుతుంది. రెండు వైపుల ఎక్స్‌రేల్లో కనిపించే 4 ఎముక అంచుల్లో కనీసం 3 కట్టుకుంటేనే ఫ్రేమ్ తీయించుకోవాలి, ముందే తీస్తే కొత్త ఎముక వంగుతుంది, విరుగుతుంది కూడా. తీశాక రంధ్రాలు త్వరగానే మూసుకుంటాయి. గుంటల్లాంటి మచ్చలు మాత్రం ఉండిపోతాయి.