45 రోజుల విడాకుల ప్యాకేజీ: దయచేసి ఎవరూ డబ్బు కట్టకండి

పేరు రాయక్కర్లేదు, అందరికీ తెలిసినవాళ్లే. ఫోన్ తీస్తే రోజుకి నాలుగుసార్లు కనపడే రీల్స్ వాళ్లు. నల్ల కోటు, వెనకాల లావుపాటి పుస్తకాల బీరువా, "కోర్టు మెట్లెక్కకుండానే విడాకులు" అని ఒకటే ఊదర. మా చెల్లి, వాళ్లాయన ఇద్దరూ ఒప్పుకునే విడిపోతున్నారు. పిల్లల్లేరు, భరణం గొడవ లేదు. ఇంతకంటే తేలిక కేసు ఉండదు. దానికి 38,000 కట్టాం. కట్టించింది నేనే. బ్యాంకులో పొద్దస్తమానం లీగల్ ఒపీనియన్లు చదివే మనిషిని, నా తెలివికి నాకే శాలువా కప్పాలి.

నిన్న "ఫైనల్ డాక్యుమెంట్స్ వచ్చి తీసుకెళ్లండి" అని ఫోన్. ఇచ్చిందేమిటంటే వంద రూపాయల స్టాంపు పేపరు ఒకటి, దానికి పిన్ను కొట్టిన మూడు కాగితాలు. పైన "పరస్పర అంగీకార విడాకుల ఒప్పందము". కింద నోటరీ గుండ్రటి సీలు. ఏడో పేరాలో "సదరు మైనర్ కుమారుడు తల్లి సంరక్షణలో ఉండవలెను" అని ఉంది. పిల్లల్లేని మొగుడూపెళ్లాలకి ప్యాకేజీలో ఒక మైనర్ కొడుకుని కూడా ఇచ్చారన్నమాట. ఎవరి కొడుకో పాపం.

కేసు నంబరు ఎంతండీ అన్నాను. కుర్చీలో ఆవిడ తలెత్తలేదు. "కేసు నంబరు ఎందుకండీ? విడాకులు అడిగారు, ఇచ్చాం. కేసు కావాలంటే వేరే ప్యాకేజీ." కర్రీ పాయింటులో పెరుగు వేరే అన్నట్టు అనేసింది. మా చెల్లి ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేనా అండీ కోర్టు ఆర్డరు?" అని మెల్లగా అడిగింది. అప్పుడు తలెత్తి నవ్వింది. పక్క టేబులు కుర్రాడి వంక చూసి మళ్లీ నవ్వింది. ఆ నవ్వు కోసమే ఈ పోస్టు రాస్తున్నాను.

వేరే ప్యాకేజీ 65,000 అట. "కూలింగ్ పీరియడ్ మాఫీ చార్జీ", అంటే కోర్టు ఆగమనే ఆర్నెల్లు తగ్గించడానికట, ఇంకో 25,000 అట.

ఇక అసలు సంగతి. హిందూ వివాహ చట్టం కింద స్టాంపు పేపరు మీద విడాకులు లేవు. వందది కాదు, వెయ్యి రూపాయలదైనా లేవు. నోటరీ చేసేది ఫలానా మనిషి నా ఎదుట సంతకం పెట్టాడని చెప్పడం వరకే, పెళ్లి రద్దు చేసే అధికారం ఆయనకి లేదు. పెళ్లి, విడాకుల పత్రాలు నోటరీలు చేయకూడదని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో మెమో కూడా ఇచ్చింది. సెక్షన్ 29(2) ప్రకారం కుల ఆచారంగా వస్తున్న విడాకులు చెల్లుతాయి, నిజమే. అయితే ఆ ఆచారం తమ కులంలో ఎన్నాళ్లుగానో ఉందని సాక్ష్యాలతో నిరూపించుకోవాలి. రీల్స్ వాళ్లు ఈ ఒక్క ముక్కనే పట్టుకుని అందరికీ అమ్ముతున్నారు. ఆ కాగితం నమ్మి ఇంకో పెళ్లి చేసుకున్నారనుకోండి, ఆ పెళ్లి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల దాకా జైలు, మొదటి పెళ్లి దాచి చేసుకుంటే పదేళ్ల దాకా.

మ్యూచువల్, అంటే ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులు, అదే చట్టంలో సెక్షన్ 13బి. ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేయాలి. అప్పటికే ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉంటూ ఉండాలి. విడిగా అంటే వేరే ఇల్లే అక్కర్లేదు, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే చాలని సుప్రీంకోర్టు 1991లోనే సురేష్టా దేవి కేసులో చెప్పింది. పిటిషన్ వేశాక ఇద్దరి స్టేట్‌మెంట్లు తీసుకుంటారు, దాన్ని ఫస్ట్ మోషన్ అంటారు. పిటిషన్ వేసిన రోజు నుంచి ఆర్నెల్లు దాటాక, పద్దెనిమిది నెలల లోపు, మళ్లీ ఇద్దరూ వచ్చి "మా మాట అదే" అనాలి. అది సెకండ్ మోషన్. అప్పుడు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వు.

ఆ ఆర్నెల్లనే మాఫీ చేయిస్తామని 25,000 అడుగుతున్నారు. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఈ ఆర్నెల్లు తప్పనిసరి కాదు, జడ్జి తగ్గించవచ్చు అంది. చూసేవి ముఖ్యంగా నాలుగు. ఏడాది, దానిపైన ఆర్నెల్లు, అంటే మొత్తం పద్దెనిమిది నెలల ఎడబాటు ఫస్ట్ మోషన్‌కి ముందే గడిచిపోయి ఉండాలి. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లల సంగతి నిజంగా తేలిపోయి ఉండాలి. ఇంకా ఆగడం వల్ల బాధ పెరగడమే తప్ప ఫలితం లేదనిపించాలి. ఫస్ట్ మోషన్ అయిన వారానికే దీనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇందులో చార్జీ ఎక్కడుంది? రెండు పేజీల దరఖాస్తు, ఒక అఫిడవిట్. ఇచ్చేదీ ఇవ్వనిదీ జడ్జి ఇష్టం. కాబట్టి 45 రోజులని ఎవడు గ్యారంటీ ఇచ్చినా, తన చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నట్టే. విడిపోయి రెండు మూడేళ్లయిన జంటకి త్వరగా వస్తే రావచ్చు. నాలుగు నెలల కిందట విడిపోయినవాళ్లకి కూడా ఇదే రేటుకి ఇదే మాట చెబుతున్నారు చూడండి, అక్కడే పట్టుకోవాలి. పెళ్లై ఏడాది నిండకపోతే సెక్షన్ 14 ప్రకారం, అసాధారణ కష్టం ఉందని చూపించి అనుమతి తెచ్చుకుంటే తప్ప, విడాకుల పిటిషనే వేయనివ్వరు.

కేసు వేశాం అని ఎవరైనా అంటే నమ్మకండి, సీఎన్ఆర్ నంబరు అడగండి, కోర్టులో పడిన ప్రతి కేసుకీ ఉండే గుర్తింపు నంబరు అది. అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉంటాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే ఏ కోర్టు, ఎప్పుడు వేశారు, వచ్చే వాయిదా ఎప్పుడు, అన్నీ కనపడతాయి. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట ఎఫ్‌సీఓపీ అని, లేనిచోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్ఎంఓపీ అని నంబరు పడుతుంది. ఆ యాప్‌ నా ఫోన్‌లో మూడేళ్లుగా ఉంది, లోన్ పార్టీల మీద కేసులు చూడటానికి. మా చెల్లి కోసం ఒక్కసారి తెరవలేదు.

ఇద్దరి చేతా తెల్లకాగితాల మీద, ఖాళీ వకాల్తాల (మన తరఫున వాదించమని లాయరుకి అధికారమిచ్చే కాగితాల) మీద సంతకాలు పెట్టించుకున్నారు. పార్టీల పేర్లు, కోర్టు పేరు, లాయరు పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు నింపకుండా వకాల్తా మీద సంతకం చేయడమంటే ఖాళీ చెక్కు ఇవ్వడమే. ఇచ్చేసి ఉంటే, రద్దు చేస్తున్నామని ఈరోజే స్పీడ్ పోస్టులో రాయండి, రసీదు దాచండి. కేసు వేసినవాడు నిజంగా లాయరే అయితే, ఫీజు బాకీ ఉందని మీ ఫైలు పట్టుకు కూర్చునే హక్కు ఆయనకి లేదు. ఇది 2000లోనే సుప్రీంకోర్టు తేల్చిన సంగతి. వచ్చే భరణంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం కూడా బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. పక్క టేబులు దగ్గర ఒకావిడతో పది శాతం బేరం నడుస్తోంది, చెవులారా విన్నాను. అసలు లాయర్లు ప్రకటనలిచ్చి కేసులు పట్టడమే నిషేధం. కాబట్టి రీల్‌లో రేటు కనపడిందంటే ఆ మనిషి లాయరైతే నిబంధన తప్పాడు, కాకపోతే లాయరే కాదు. ఇది నాకు నిన్న సాయంత్రం తట్టింది. 38,000 పోయాక అందరికీ తడుతుంది.

ఇంకో ఘనమైన సలహా కూడా ఇచ్చారు, మా మరిదికి, అంటే చెల్లి వాళ్లాయనకి. "ఫ్లాటు మీ అమ్మగారి పేరు మీదికి మార్చేయండి సార్, సేఫ్." భరణం వివాదం ఉన్న కేసులో ఈ పని చేస్తే కొంప మునుగుతుంది. 2020 నాటి రజనేష్ వర్సెస్ నేహ తీర్పు తర్వాత మనోవర్తి కేసుల్లో ఇద్దరూ జీతం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అన్నీ ప్రమాణపూర్వకంగా అఫిడవిట్‌లో రాసివ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంటు, ఈసీ (ఆస్తి ఎవరి పేరు మీదికి మారిందో చూపే రిజిస్ట్రేషన్ కాగితం) బయటికొచ్చాక అబద్ధపు అఫిడవిట్ మీద వేరే తలనొప్పి మొదలవుతుంది.

నిజంగా సిద్ధం చేసుకోవాల్సినవి వేరు. పెళ్లి కార్డు, ఇద్దరూ కనపడే పెళ్లి ఫొటో, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటే అది, ఇద్దరి ఆధార్‌లు, అడ్రసు రుజువులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. పెళ్లి జరిగిన ఊరు, చివరగా కలిసి ఉన్న ఊరు, అవతలివాళ్లు ఉంటున్న ఊరు, భార్య వేస్తే ఆమె ప్రస్తుతం ఉంటున్న ఊరు, వీటిలో ఎక్కడైనా వేయొచ్చు. ఒప్పందంలో బంగారం "నగలు ఇచ్చివేయబడినవి" అని గాలిమాటగా కాకుండా ఏ వస్తువు, ఎన్ని గ్రాములు అని రాయండి. డబ్బు ఇచ్చేదుంటే మొత్తం ఫస్ట్ మోషన్ రోజే ఇవ్వకండి, పుచ్చుకునేవాళ్లు మొత్తం చివరికి వదిలేయకండి. కొంత అప్పుడు, మిగతాది సెకండ్ మోషన్ రోజు జడ్జి ఎదుట డీడీ. ఎందుకంటే డిక్రీ ఇచ్చేదాకా ఏ ఒక్కరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే 13బి అక్కడితో ఆగిపోతుంది, సెక్షన్ 13 కింద క్రూరత్వమో, రెండేళ్ల పరిత్యాగమో చూపించి మళ్లీ మొదటినుంచి పోరాడాలి. పిల్లలుంటే వాళ్ల పోషణ హక్కు తల్లిదండ్రులు సంతకం పెట్టి వదిలేసేది కాదు. 498ఏ (భార్యని వేధించారనే సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85) కేసు ఉంటే విడాకుల డిక్రీతో అదంతట అది పోదు, దాన్ని విడిగా తీయించుకోవాలి, ఒప్పందంలో ఆ మాట స్పష్టంగా ఉండాలి.

జాయింట్ హోమ్ లోన్ ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి, ఇది నా కౌంటరు. "లోను భర్తే కట్టుకొనును" అని డిక్రీలో రాసుకున్నా బ్యాంకుకి పట్టదు. ఈఎంఐ తప్పితే ఇద్దరి సిబిల్ పడుతుంది. కో అప్లికెంట్ పేరు తీయాలంటే బ్యాంకు మిగిలినవాళ్ల ఆదాయం చూసి ఒప్పుకోవాలి, లేదా లోను వేరే బ్యాంకుకి మార్చుకోవాలి. ఫ్లాటులో వాటా వదులుకుంటే రిలీజ్ డీడ్ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. పీఎఫ్, ఇన్సూరెన్స్ నామినీలు విడిగా మార్చుకోవాలి, ఇది అందరూ మర్చిపోతారు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఆ రీల్స్ వాళ్లు "అక్కడ డిక్రీ తెచ్చుకోండి, ఇక్కడ మేం చూసుకుంటాం" అంటున్నారు. ఏం చూసుకుంటారు? 1975లో తిరుపతిలో పెళ్లి, 1980లో మిస్సోరి కోర్టులో భర్త ఒక్కడే తెచ్చుకున్న విడాకులు, 1981లో యాదగిరిగుట్టలో రెండో పెళ్లి. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లో వై.నరసింహారావు కేసులో చెప్పింది. భార్య అక్కడి కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు, అక్కడ చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. మన కేసే, మన ఊళ్ల కేసే, ఇంకా జనం అదే గోతిలో పడుతున్నారు. అక్కడి నుంచి జీపీఏ (మన తరఫున ఇక్కడ పనులు చేయడానికి ఇచ్చే అధికార పత్రం) పంపితే కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించండి.

క్రైస్తవులకి చట్టం వేరు, 1869 నాటి విడాకుల చట్టంలో సెక్షన్ 10ఏ. ఆ ప్యాకేజీలో అందరికీ ఒకటే ఫారం అని మాత్రం గుర్తుపెట్టుకోండి.

మోసపోయినవాళ్లు: యూపీఐలో కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. మోసం చేసింది లాయరైతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయాలి. లాయర్ల మీద వినియోగదారుల కోర్టుకి వెళ్లడం కుదరదని 2024 మేలో తీర్పొచ్చింది. లాయరే కాని కన్సల్టెన్సీకి ఆ తీర్పు అడ్డం కాదనే నా లెక్క, పోలీసు ఫిర్యాదుతో పాటు అదీ వేస్తున్నాం. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, నంబరు 15100. ఉచితం. 38,000 కట్టిన మనిషిని రాస్తున్నాను.

అన్నట్టు కోపంలో ఆ స్టాంపు పేపరు చించేయకండి. మా చెల్లి చించబోతే లాక్కున్నాను. దాని మీద సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, ఎవరి పేరున కొన్నారో, వెండరు లైసెన్సు నంబరు ఉంటాయి. మాదాంట్లో కొన్న పేరు మా ఇద్దరిదీ కాదు, మరిదిదీ కాదు. ఫిర్యాదులో మొదటి కాగితం అదే పెట్టాం.