రొయ్యల చెరువు మీద సోలార్ వాచ్: వెనక మూత తీయకుండా గడిచిన ఏళ్లు

సోలార్ వాచ్ ఎందుకని ఎవరిని అడిగినా సెల్ మార్చక్కర్లేదు, డబ్బులు మిగులుతాయి అంటారు. వాచ్ సెల్ ఖరీదెంతని? సోలార్‌కి పెట్టే అదనపు డబ్బుతో జీవితాంతం సెల్స్ కొనుక్కోవచ్చు. నాకు ఇది ఇంతగా నచ్చడానికి కారణం వేరే. దీని వెనక మూత ఎవరూ తీయక్కర్లేదు. ఉప్పునీళ్ల మధ్య పనిచేసేవాళ్లకి ఆ ఒక్క సంగతి ఎంత పెద్దదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

నాది క్యాసియో జీ-షాక్ జీడబ్ల్యూ-ఎం5610, పాత కాలం డిజిటల్ వాచ్‌లా చదరంగా ఉంటుంది. కింద పడితే ఏం కాదు, 200 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్, ఇవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువుల మీద, ఇంట్లో, పెళ్లిళ్లకి, ఎక్కడికైనా కొన్నేళ్లుగా చేతికి ఇదొక్కటే.

దీనికి ముందు మామూలు సెల్ వాచ్ ఉండేది. మంచి వాచే. వానలో తడిసింది, బురదలో మునిగింది, చాలాకాలం ఏమీ కాలేదు. సెల్ అయిపోతే టౌన్‌లో ఒక షాపులో ఇచ్చాను. అతను సన్నటి కత్తితో మూత లేపి, సెల్ మార్చి, బొటనవేలితో టక్కున నొక్కి ఐదు నిమిషాల్లో చేతిలో పెట్టాడు. మూత చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఉంటుంది, నీళ్లని ఆపేది అదే. అది గాడిలో సరిగ్గా కూర్చోకపోయినా, ఒకచోట నలిగినా, దాని కింద ఇసుక రేణువు చిక్కుకున్నా వాచ్ మీద ఎన్ని మీటర్లని రాసి ఉండి ఏం లాభం? చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్‌కి చుట్టుకున్న తాడు తీయడానికి నీళ్లలోకి దిగిన రోజే అద్దం లోపల ఆవిరి పట్టింది. తర్వాత అంకెలు సగం సగం కనిపించాయి, ఆ తర్వాత అవీ పోయాయి. విప్పి చూస్తే లోపలంతా పచ్చటి కిలుము. అడగడానికి వెళ్తే "నీళ్లలో ఎందుకు పెట్టారండీ" అన్నాడు. నీళ్లలో వాడటానికే కదా ఆ వాచ్ కొన్నది! ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మళ్లీ వాచ్ కొంటే మూత తీయించే పని లేనిదే కొనాలని ఆ రోజే అనుకున్నాను.

కొన్నాక అసలు పనిలో ఎంత అక్కరకొచ్చిందంటే, మేత వేసి, రొయ్యలు ఎంత తింటున్నాయో చూసే చెక్ ట్రేలు చెరువులో దింపాక ఇంచుమించు రెండు గంటలకి ఎత్తి చూడాలి. ఎంత తిన్నాయో, ఎంత మిగిల్చాయో దాన్నిబట్టే తర్వాతి మేత. టైమర్ పెట్టుకుంటే అదే మోగుతుంది, తడి చేతులతో ఫోన్ తీయక్కర్లేదు. రాత్రిళ్లయితే ఇంకా సుఖం. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందు, అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే జనరేటర్ ఎత్తుకునేదాకా ప్రతి నిమిషం టెన్షనే. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో ఇంకేదో. బటన్ నొక్కక్కర్లేదు, చీకట్లో మణికట్టు ముఖం వైపు తిప్పితే లైటు దానంతటదే వెలుగుతుంది.

ఛార్జింగ్ గురించి చాలామందికి అనుమానం. ఈ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం, మామూలుగా వాడితే ఒక రోజు ఖర్చు పూడటానికి బయటి ఎండలో, అంటే 50,000 లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) వెలుతురులో, 5 నిమిషాలు చాలు. కిటికీ దగ్గర ఎండ 10,000 లక్స్ అనుకుంటే 24 నిమిషాలు. ట్యూబ్‌లైట్ కింద 500 లక్స్ అయితే మాత్రం 8 గంటలు. ఎండకీ గది వెలుతురుకీ మధ్య తేడా అంత. ఒకసారి పూర్తిగా నిండితే వెలుతురు తగలకపోయినా 10 నెలల దాకా నడుస్తుందని కూడా చెప్పారు. పగలు గట్టు మీద తిరిగేవాడికి ఇక ఛార్జింగ్ ఊసే ఉండదు, నేనూ చాలాకాలం దాని సంగతే ఆలోచించలేదు.

అయితే ఒక ఏడాది వానాకాలంలో రాత్రి కాపలా నా వంతు వచ్చింది. వరుసగా అల్పపీడనాలు, ఒంటి మీద రెయిన్‌కోటు, చేతులు పూర్తిగా లోపలే. పగలు మకాంలో, అంటే చెరువు దగ్గరి కాపలా గదిలో, కిటికీకి దుప్పటి కట్టుకుని నిద్ర. మబ్బు రోజైనా ఆరుబయట పెడితే వాచ్ నిండుతుంది గానీ, రాత్రి డ్యూటీ చేసేవాడికి ఆ పగలే దొరకదు. పైగా రాత్రంతా మణికట్టు తిప్పినప్పుడల్లా లైటు. కంపెనీ చెప్పిన ఆ 10 నెలల లెక్క రోజుకి ఒక్కసారి, అదీ ఒకటిన్నర సెకను, లైటు వేస్తారనుకుని కట్టింది. మేం ఒక్క రౌండులోనే అంతకు ఎన్నో రెట్లు వేస్తాం. ఛార్జ్ ఎంతుందో చూపే గుర్తు నిండుగా ఉన్నప్పటి హెచ్ నుంచి ఎం అయింది, ఎం కాస్తా ఎల్ అయింది. ఎల్ వచ్చాక వాచ్ తన ప్రాణం కాపాడుకోవడానికి ముందు లైటునీ మోతనీ ఆపేస్తుంది. నాకు లైటు ఎక్కువ అవసరమైన రోజుల్లోనే లైటు పోయింది. తర్వాత టైమ్ కూడా పోయి సీహెచ్‌జీ, అంటే ఛార్జ్ చేయమని, మిణుకుమిణుకుమంది, చివరికి అదీ లేదు. అద్దం ఖాళీ.

చెరువులో రొయ్యలు పట్టే హడావుడిలో ఉండి మా బావమరిదికిచ్చి టౌన్‌కి పంపాను, అసలు ఏమైందో కనుక్కోమని. షాపు నుంచే ఫోన్ చేశాడు.

"బావా, సెల్ చచ్చిపోయిందంటున్నాడు. కొత్తది ఇప్పుడే వేసిచ్చేస్తాడంట."

"ఏ నంబరు సెల్ వేస్తాడో అడుగు."

"సీఆర్1616 అంట."

"వద్దను. మూత ముట్టుకోనివ్వకు. వాచ్ పట్టుకుని వచ్చేయ్."

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సోలార్ వాచ్ ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. ఈ వాచ్‌లో ఉండేది సీటీఎల్1616, మళ్లీ మళ్లీ ఛార్జ్ అయ్యే సెల్. సీఆర్1616 ఒకసారి వాడి పారేసేది. 1616 అంటే 16 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మిల్లీమీటర్ల మందం. రెండిటి కొలతా ఒకటే కాబట్టి గూట్లో చక్కగా పడుతుంది, వాచ్ కూడా వెంటనే వెలుగుతుంది, షాపు అతనూ మనమూ సంతోషిస్తాం. కానీ పైన సోలార్ ప్యానెల్ ఊరుకోదు, ఛార్జ్ చేయకూడని సెల్‌కి రోజూ ఛార్జింగ్ పంపాలని చూస్తుంది. అలాంటి సెల్ ఉబ్బవచ్చు, కారవచ్చు. కారితే లోపలి సర్క్యూట్ పోయినట్టే. సెల్ నంబరు అడగకుండా సోలార్ వాచ్ మూత తీయనివ్వొద్దు, ఎవరైనా సరే.

వాచ్ తిరిగొచ్చాక మకాం బయట ఎండలో, కింద వేడెక్కే రేకు లేకుండా, ముఖం ఆకాశం వైపు పెట్టాను. రోజుకి 5 నిమిషాలన్న లెక్క ఇక్కడ పనికిరాదు, అది రోజువారీ ఖర్చుకి. పూర్తిగా ఖాళీ అయిన సెల్ నిండాలంటే గంటల తరబడి మంచి ఎండ కావాలి. మధ్యాహ్నానికి సీహెచ్‌జీ అక్షరాలు మళ్లీ మిణుకుమన్నాయి. నిజంగా ఎంత ఆనందం వేసిందో! షాపు అతను చచ్చిపోయిందన్న సెల్ అది. ఇంకొన్ని పూటలు ఎండ తగిలాక అంకెలు, లైటు, టైమర్ అన్నీ వచ్చాయి. టైమ్, ఊరు, అలారాలు మాత్రం ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోయాయి, మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. అంతే నష్టం. మూత మూసినట్టే ఉంది, ఒక్క చుక్క లోపలికి పోలేదు.

ఇంత చెప్పాక ఒక మాట దాచకూడదు. మూత ఎప్పటికీ తీయక్కర్లేదు అని నేను అంటున్నా, కంపెనీ పుస్తకం అలా అనదు. వాటర్ రెసిస్టెన్స్ నిలవాలంటే రెండు మూడేళ్లకోసారి రబ్బరు రింగులు మార్పించుకోమనే అంటుంది. రబ్బరు ముదురుతుంది, ఉప్పు, చెమట, ఎండ దాన్ని వదలవు. ఛార్జ్ అయ్యే సెల్ కూడా ఎన్నో ఏళ్లు ఆడి ఏదో ఒకనాడు నీరసిస్తుంది. కాబట్టి నిజానికి సోలార్ వాచ్ మూత తీయించే పనిని చాలా దూరం జరుపుతుంది, పూర్తిగా తప్పించదు. తీయాల్సిన రోజు వస్తే అధీకృత సర్వీస్ సెంటర్‌లో, కొత్త రింగు వేసి ప్రెషర్ టెస్ట్ చేసి ఇచ్చేచోటే తీయించాలి. నాది ఇంకా తీయించలేదు. నీళ్లు తగిలిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి తుడుస్తాను, దానివల్లే కాస్త కాలం వస్తోందని నా నమ్మకం.

రేడియో సిగ్నల్‌తో టైమ్ దానంతటదే సరిచేసుకుంటుందన్న మల్టీబ్యాండ్ 6 కోసం మాత్రం మన దగ్గర డబ్బు పెట్టొద్దు. ఆ సిగ్నల్ పంపే 6 స్టేషన్లలో రెండు జపాన్‌లో, మిగిలినవి చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో ఒక్కొక్కటి. మన దేశంలో లేదు. నెలకి 15 సెకన్ల లోపే తేడా కాబట్టి అప్పుడప్పుడు ఫోన్ చూసి సరిచేసుకుంటే సరిపోతుంది. ఇంకోటి, రాత్రి 10 నుంచి ఉదయం 6 లోపు గంట పైన చీకట్లో ఉంటే పవర్ సేవింగ్ వల్ల స్క్రీన్ ఆరిపోతుంది. కొత్తలో గుండె జారుతుంది. ముఖం వైపు తిప్పినా, ఏ బటన్ నొక్కినా తిరిగొస్తుంది. ఛార్జ్ అవుతుంది కదా అని కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు. 60 డిగ్రీలు దాటితే స్క్రీన్ నల్లబడుతుంది, చల్లారాక మామూలవుతుంది గానీ ఆ వేడి సెల్‌కి మంచిది కాదు.

ఎవరికి ఏది అంటే, హైదరాబాద్‌లో ఆఫీసుకెళ్లే మా పెదనాన్నగారి అబ్బాయికి సిటిజన్ ఎకో-డ్రైవ్ ఉంది. ముల్లుల వాచ్, ప్యానెల్ డయల్ వెనక దాగి ఉంటుంది, సోలార్ అని ఎవరికీ తెలియదు. ఛార్జ్ తగ్గితే సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు దూకుతుంది, హెచ్చరిక అదే. చొక్కా కఫ్ కింద ఉండే చేతికి అది అందంగా ఉంటుంది, నా చెరువుకి కాదు. గార్మిన్ ఇన్‌స్టింక్ట్ 2 సోలార్ లాంటి వాటి సంగతీ అడుగుతుంటారు. దాన్ని రోజుకి 3 గంటలు 50,000 లక్స్ ఎండలో ఉంచితే ఛార్జర్ అక్కర్లేదంటారు గానీ ఆ మాట వాచ్‌లా వాడుకున్నప్పటికే, జీపీఎస్ ఆన్ చేస్తే లెక్క మారిపోతుంది. నడకలు, ట్రెక్కులు కొలుచుకునేవాళ్లకి అది వేరే అవసరం.

అసలు పోటీ వీటితో కాదు, పదేళ్ల సెల్ వాచ్‌లతో. క్యాసియోలోనే ఏఈ-1200 ఉంది, 100 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్, సెల్ 10 ఏళ్లు వస్తుందంటారు, ధర దీంట్లో చిన్న భాగం. పదేళ్లపాటు దాని మూత కూడా తీయక్కర్లేదు కదా అంటే నిజమే. కానీ ఆ పదేళ్లు కూడా లైటు తక్కువ వాడేవాళ్ల లెక్కే. నాలా రాత్రంతా లైటు వేసేవాడికి అంతకాలం రాదు, అయిపోయిన సెల్‌ని ఎండలో పెడితే తిరిగి నిండదు. నాకు సోలార్ సరిపోయింది అందుకే. మా తమ్ముడు బెంగళూరులో నైట్ షిఫ్ట్ చేస్తాడు, ఎండ ముఖం చూడడు, ఈత కొట్టడు. ఇదే కొనుక్కుంటానంటే వాడికి ఏఈ-1200 కొనుక్కోమని చెప్పాను.